మోయాబు బండల మీద



బైబిలు చదువువారికి మోయాబు అను పేరు క్రొత్తది కాదు. రూతు పుట్టిన దేశమది. మోషే నెబో కొండ నెక్కి, తాను ప్రవేశింపజాలని వాగ్దాన దేశమును కన్నులార చూచి, కన్ను మూసినదియు అచ్చటనే. అమెరికాలోని యూటా రాష్ట్రమున అదే పేరుగల చిన్న పట్టణ మొకటి యున్నది. ఎఱ్ఱని బండలు, లోతైన లోయలు, ఎండిన నేల గల ఆ సీమకు తొలి నివాసులు బైబిలు దేశము పేరే పెట్టిరని అనేకుల నమ్మిక.

ఆ పట్టణమునకు చేరువనే, 1964లో ఏర్పడిన కాన్యన్‌ల్యాండ్స్ జాతీయవనము కలదు. అందులో వైట్ రిమ్ అను నూరు మైళ్ల రాతిబాట కొండ అంచులకు క్రిందుగా, నదీలోయలకు పైగా చుట్టి వచ్చును. 1950ల దశాబ్దమున యురేనియము వెదకువారి కొరకు ఈ బాట వేయబడెను. అవి అణ్వాయుధముల పోటీ దినములు. ఒక్క గని దొరకిన చాలును, ధనవంతుల మగుదుమని పలువురు వచ్చిరి. కాని ఈ చోట దొరకినది అత్యల్పము. వెదకినవారు వెళ్లిపోయిరి, బాట మిగిలినది. ఇతర స్థలములలో యురేనియపు గనులలో పనిచేసినవారిలో ఎందరో, వారిలో నవాహో జాతివారు అనేకులు, ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించిరి. 1990లో ఆ దేశప్రభుత్వము అట్టివారికి పరిహార మిచ్చుటకు చట్టము చేయవలసి వచ్చెను. మనుష్యుడు ధనమునకై వేసికొను త్రోవ ఎంత వెల గలదో ఆలోచింపుము.

మా సంఘములోని ఒక పెద్దవారు, వారి కుమారుడు, నేను జీపులో ఆ బాటను ప్రయాణము చేసితిమి. దారిలో త్రాగునీరు దొరకదు గనుక అంతయు వెంట తీసికొని పోవలెను. బండరాళ్లు రాకమునుపే చక్రములలో గాలి కొంత తీసివేసిరి. గాలి బిగువుగా నున్న చక్రము రాతిమీద ఎగిరిపడును. కొంచెము మెత్తబడినది రాతిని పట్టుకొనును. దిగుడులో బ్రేకునే నమ్ముకొనరాదు. అది వేడెక్కి పట్టు తప్పును. చిన్న గేరులో నెమ్మదిగా దిగినచో ఇంజనే బండిని ఆపి పట్టుకొనును.

బాట విడిచి అడుగు పెట్టవద్దని కూడ అచ్చట హెచ్చరింతురు. ఆ యిసుకపై నల్లగా, గరుకుగా కనబడు పొర జీవము గలది. కంటి కగపడని సూక్ష్మజీవులు మన్నును అల్లి, గాలికి కొట్టుకొనిపోకుండ కాపాడుచున్నవి. ఒక్క అడుగుతో చితికిన పొర తిరిగి కుదురుకొనుటకు అనేక సంవత్సరములు పట్టును. దుఃఖములో నున్నవారి హృదయమును అట్టిదే.

ఆ పెద్దవారి భార్య రెండేండ్ల క్రిందట ప్రభువునందు నిద్రించెను. నాటినుండి తండ్రికొడుకుల నడుమ మాటలు తగ్గిపోయినవి. మర్ఫీ హాగ్‌బ్యాక్ అను ఎక్కుడు వద్దకు వచ్చితిమి. అది ఇరుకైనది, నిటారైనది. బండి ముక్కు పైకి లేచినప్పుడు నడుపువానికి ఆకాశము తప్ప మరేమియు కనబడదు. తన చక్రము ఏ రాతిమీద నున్నదో తనకే తెలియదు. అందుచేత ఒకరు దిగి, ముందు నిలిచి, చేతిసైగలతో త్రోవ చూపవలెను. ఇద్దరు చూపిన తికమక; ఒక్కరే చూపవలెను.

“నేను దిగనా, నాన్నగారూ?” అని కుమారు డడిగెను.

“అక్కరలేదు. నలభై ఏండ్లుగా నడుపుతున్నాను” అని వారనిరి.

కొంత ఎక్కగానే వెనుక చక్రము జారెను. ఒక రాయి దొర్లి లోయలో పడిన చప్పుడు మా అందరికి వినబడెను. పెద్దవారు చాలసేపు మాటాడలేదు. తరువాత, “బాబూ, దిగి చెప్పు. నువ్వెట్లా చెబితే అట్లా తిప్పుతాను” అనిరి.

“అంచు చూడకండి, నాన్నగారూ. నా చేతులే చూడండి” అనుచు అతడు దిగెను.

జానెడు, జానెడుగా బండి పైకి వచ్చెను. శిఖరమున ఇంజను ఆపి, తండ్రి తన నీళ్లసీసా కుమారుని కిచ్చెను. ఆ రాత్రి వారిద్దరు కూర్చుండి అమ్మను గూర్చి మాటాడుకొనుట నేను వింటిని.

చదువరీ, ఆ కుమారుడు ఒక్క రాతినైనను తొలగింపలేదు. ఎక్కుడును తగ్గింపలేదు. తండ్రికి కనబడనిది తనకు కనబడు చోట నిలిచెను, అంతే. మన ప్రభువును మన రాళ్లన్నిటిని ఏరివేయుదునని మాట యియ్యలేదు. ఆయన పరమునుండి దిగి, ఆకలియు దాహమును శ్రమయు గల మన బాటలోనే కాలినడకను నడిచెను. మనకంటె ముందుగా సిలువ యెక్కుడు నెక్కి, అచ్చటనుండి మనవైపు తిరిగి చేయి చాపి యున్నాడు.

నేడు నీ యెదుట ఆకాశమే గాని దారి కనబడకున్నదా? రోగమో, అప్పో, ఇంటిలోని మౌనమో నిన్ను అంచుకు నెట్టుచున్నదా? నీ బిగువు కొంచెము తీసివేయుము. నెమ్మదిగా పొమ్ము. పలువురి సైగలు చూడక ఆ యొక్కని హస్తమును చూడుము. దానిలో మేకుల గురుతు లున్నవి. త్రోవ ఎరుగని హస్తము కాదది.

ప్రభువా, మాకు దారి కనబడనప్పుడు నీ చేయి కనబడనిమ్ము. మా యిండ్లలో మాటలు మానినవారిని మరల మాటాడనిమ్ము. ఆమేన్.