ముందు బ్రేకు

నవంబర్ 3, 2024, ఆదివారం

జానకంపేట దాటినంక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసిన్రు. అంచుకు రాళ్లు. ఎదురుంగ లైట్లు లేని ట్రాక్టరు. ముందు బ్రేకు లివర్ హ్యాండిల్‌కు ఆనేదాక పిండిన. బుల్లెట్ మెల్లగైంది, ఆగలే. ఎనుక బ్రేకు మీదనే నిలబడ్డది. అదే మా చిన్నోడు నడుపుతుంటే...

నవంబర్ 5, మంగళవారం

అదే ఆలోచన. ఈ బండికి కుడికాలు గేరు, ఎడమకాలు బ్రేకు. వాడు నేర్చుకున్నయన్ని కుడికాలు బ్రేకు బండ్లు. భయమైతే కాలు దేన్ని తొక్కుతది? ముందు బ్రేకుకైతే ఏ బండి మీదనైనా కుడిచెయ్యే. అది నమ్మకంగ ఉండాలె. ఎన్ని లైనర్లు మార్చినా ఆరు ఇంచుల డ్రమ్ము ఆరు ఇంచులే.

నవంబర్ 8, శుక్రవారం

బోధన్ పోయిన. మెకానిక్ ఉస్తాద్ రెండు దార్లు చెప్పిండు. డిస్కు అయితే ఫోర్కు కింది భాగం, హబ్బు, క్యాలిపరు, హ్యాండిల్ మీద ఆయిల్ డబ్బీ, అన్నీ కొత్తయి. లేకుంటే ఏడు ఇంచుల డ్రమ్ము, రెండు క్యాములది. ఇప్పుడున్నదాంట్ల ఒక్క షూనే చక్రంతోని గుంజుకపోయి ఇంకింత గట్టిగ పడతది. రెండోదాన్ని చక్రమే ఎనుకకు తోసేస్తది. రెండు క్యాములైతే రెండూ పడతయి.

ఇంట్ల డిస్కు మాట ఎత్తిన. బాపు కంచం ముందలికెల్లి లేచిండు. షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీల ఫిట్టరుగ జీతం కూడబెట్టి కొన్న బండి. 2015 డిసెంబర్ల ఫ్యాక్టరీ మూతపడ్డప్పటి నుంచి ఆయన ఆ దిక్కు పోలే. నేనిప్పుడు దీని ముఖమే మారుస్త అంటున్న.

డిస్కు ఒద్దు.

నవంబర్ 13, బుధవారం

రాణిగంజ్‌ల పాత సామాన్లల్ల ఏడు ఇంచులది దొరికింది. హబ్బు, ప్లేటు, రెండు క్యాములు, నడుమ లింకు రాడ్డు. బాపు అడగకుండనే సంచి విప్పిండు. డ్రమ్ము లోపల బొటనవేలు తిప్పిండు. "అంచు లేచింది. లేతు పట్టియ్యాలె."

ఈ ముచ్చట మీద ఆయన మాట్లాడిన మొదటి మాట.

నవంబర్ 16, శనివారం

చక్రం పుల్లలు అల్లి బిగించినంకనే లేతు అని బాపు పట్టు. పుల్లల గుంజుడుకు డ్రమ్ము గుండ్రం పోతదట. ఉస్తాద్ కూడ అదే అన్నడు. ఇద్దరూ లేతు పక్కన నిలబడి, పొట్టు రాలుడు ఎప్పుడు చుట్టూ ఒక్కతీరుగైతదో చూస్కుంట ఉన్నరు. బాపును ఇట్ల చూసి ఎన్నేండ్లాయె.

నవంబర్ 20, బుధవారం

బిగించినం. యాక్సిల్ నట్టు వదులుంచి లివర్ పట్టుకుంటే షూలు డ్రమ్ముల నడిమికి వస్తయి. ఆ పట్టు మీదనే నట్టు బిగియ్యాలె. లివర్ చిన్నోడు పట్టిండు, పానా బాపు పట్టిండు. లింకు రాడ్డు నాకు ఇడిసిపెట్టిన్రు. రెండు షూలూ ఒక్కపారే తగలాలె. ఒకటి ముందుగాల తగిలితే రెండోది ఉన్నా లేనట్టే. చీకటి పడ్డదాక దానితోనే.

నవంబర్ 24, ఆదివారం

అలీసాగర్. దిగుడుల ఏం పట్టింది! రెండు వేళ్లు చాలు.

గుట్ట ఎక్కుకుంట నడుమ ఆపిన. ముందు బ్రేకు గట్టిగనే పట్టిన, బండి ఎనుకకు జారింది. చక్రం ఎనుకకు తిరిగితే రెండు షూలనూ తోసేస్తది. పాత ఆరు ఇంచులది ఎంత మెత్తదైనా ఎనుకకు కూడ అంతే పట్టేది.

బాపుకు చెప్పిన. "ఎక్కుడుల ఎడమకాలు రా" అన్నడు. ఆయనకు ముందే తెలుసా?

చిన్నోని కాలుతోని పని లేకుండ చేద్దామనుకున్న. మళ్లీ కాలు కాడికే వచ్చింది.

నవంబర్ 28, గురువారం

లైనర్లు ఇంకా ఒక దిక్కే మెరుస్తున్నయి. పట్టుకుంట, ఇడుసుకుంట పొద్దుగాల ఠానాకలాన్ దాక. రోడ్డు మీద వడ్లు తగ్గినయి.

డిసెంబర్ 1, ఆదివారం

గల్లీల బాపు చిన్నోనికి నేర్పుతున్నడు. నడుస్తుంటే ఒక్కసారి "బ్రేక్" అని అరుస్తడు. కుడిచెయ్యి, ఎడమకాలు, రెండూ కలిసి. చెయ్యి వస్తుంది. కుడికాలు ఇంకా కిందికి కొట్టుకుంటనే ఉంది. ఎప్పటికి పోతదో ఆ అలవాటు. అది పోయేదాక ఈ బండి మీద వాన్ని నిజామాబాద్ పంప.

కొత్త వైరు సాగింది, లివర్ జర లోతుకు పోతున్నది. పొద్దుగాల అడ్జస్టరు తిప్పాలె.