తవుడు కొలువు

పొద్దున్నే కుక్కకు వెంట్రుకలు దువ్వి, గోళ్ళు సరిచూసి, మెడకు ఎర్రని పట్టీ కట్టుకుని బయలుదేరే విశ్రాంత ఉద్యోగిని చూస్తే సూర్యాపేటలో ఎవరు మాత్రం నవ్వకుండా ఉంటారు? "ఏం సారూ, పెండ్లిచూపులకా?" అని ఎదురింటాయన అడిగినప్పుడల్లా "అవునండీ, వరుడు వీడే" అనడం నాకు అలవాటైపోయింది. వీడి పేరు తవుడు. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు గోడ పక్కన ఊక కుప్పలో పిల్లగా దొరికాడు. ఒంటిరంగు అచ్చంగా తవుడే గనుక నా శ్రీమతి ఆ పేరు పెట్టింది. ఏ జాతి అని అడిగేవారికి మిర్యాలగూడ జాతి అని చెబుతుంటాను.

వీడి కథకు ముందు మా అన్న కథ చెప్పాలి.

అన్న నాకంటె మూడేళ్ళు పెద్ద. 1974లో కోదాడలో పదవ తరగతి ఉత్తీర్ణుడయ్యాడు. లెక్కలలో తరగతికి మొదటివాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత, ఎడమ కాలువ కింద మా వైపు మెట్టపొలాలు ఒక్కొక్కటిగా మాగాణులవుతూ వచ్చాయి. మాకున్నది మూడెకరాలు. వరి వచ్చింది, దాని వెంట అప్పూ వచ్చింది. ఎడ్లు, ఎరువులు, నాట్లకు కూలీలు, ఇవన్నీ నాన్న ఒక్కడి చేత కాలేదు. అన్న చదువు అక్కడ ఆగింది. మానెయ్యమని ఎవరూ అనలేదు, మానవద్దనీ ఎవరూ అనలేదు. 1977లో నా పదవ తరగతి పూర్తయ్యేనాటికి ఇంట్లో ఒకరిని చదివించే స్తోమత ఏర్పడింది. ఆ ఒకరిని నేనయ్యాను.

సూర్యాపేటలో చిన్న గది అద్దెకు తీసుకుని ఇంటర్మీడియట్ చదివాను. నెలకొకసారి అన్న కోదాడ నుంచి బస్సు టాపు మీద బియ్యం మూట వేసుకుని వచ్చేవాడు. మూట దించి, మంచినీళ్ళు తాగి, నా లెక్కల పుస్తకం చేతిలోకి తీసుకుని ఒక్కొక్క పుటే తిరగేసేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేవాడు. ఆ పుటలు తిరగేసిన చప్పుడు నాకు ఈనాటికీ జ్ఞాపకమే. దాన్ని గురించి నేను ఆయనను ఏనాడూ అడగలేదు.

తరువాత డిగ్రీ, ప్రభుత్వోద్యోగం, మిర్యాలగూడలో చాలాకాలం కాపురం, పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు. ఈ భాగం అందరి ఇళ్ళలోనూ ఒక్కటే గనుక దాటవేస్తున్నాను. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు కోదాడ అటు పోయి, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. దానితో అన్నదమ్ములం వేరువేరు జిల్లాల వాళ్ళమయ్యాం. 2019లో 58 ఏళ్ళకు పదవీ విరమణ చేసి సూర్యాపేటలో ఇల్లు చూసుకున్నాను. 2021లో ఆ వయస్సును 61కి పెంచారు. పోయిన మూడేళ్ళ జీతం లెక్క శ్రీమతి ఇప్పటికీ వేస్తూ ఉంటుంది. నేను మాత్రం ఆ తీరిక లేకపోతే తవుడికి మంచీచెడూ నేర్పగలిగేవాడినా అనుకుంటాను.

అమెరికాలో అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు ఒక గ్రంథాలయంలో చిత్రమైన దృశ్యం చూశాను. చదవడానికి తడబడే పిల్లలు కుక్క పక్కన కూర్చుని దానికి కథ చదివి వినిపిస్తున్నారు. తప్పు చదివితే కుక్క నవ్వదు గదా! ఈ పద్ధతి 1999లో సాల్ట్ లేక్ సిటీలో మొదలైందట. అంతకు చాలా ముందే న్యూయార్కులో బోరిస్ లెవిన్‌సన్ అనే పిల్లల మనస్తత్వ నిపుణుడు తన కుక్క జింగిల్స్ దగ్గరుంటే పలకని పిల్లలు పలుకుతున్నారని గమనించి, 1962లో దానిని తనకు సహవైద్యునిగా పేర్కొంటూ వ్యాసం ప్రచురించాడు. తోటి మానసిక వైద్యులు ఆయనను చూసి ఎంత నవ్వారో గాని, మా ఎదురింటాయన కంటె ఎక్కువే నవ్వి ఉంటారని నా ఊహ.

తిరిగివచ్చాక తవుడికి కూర్చోవడం, ఆగడం, కింద పడిన తిండి ముట్టకపోవడం, చేతికర్ర కింద పడిన చప్పుడుకు బెదరకపోవడం నేర్పాను. ఏడాది పట్టింది. పశువైద్యుడు టీకాలు వేసి కాగితం రాసి ఇచ్చాడు. మన ఊళ్ళలో కుక్కకాటు భయం ఊరికే పుట్టినది కాదు గనుక ఆ కాగితం నా జేబులో ఎప్పుడూ ఉంటుంది. వృద్ధాశ్రమానికి వెళ్దామని సిద్ధమవుతూండగానే, 2022లో అన్నకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట పోయింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక చేతికి వ్యాయామం చెయ్యమన్నారు. రబ్బరు బంతి ఇచ్చారు. అన్న దాన్ని ఎడమచేత్తో విసిరికొట్టాడు. వదినె బతిమాలింది, కొడుకు కోప్పడ్డాడు, నేను నీతులు చెప్పాను. ఫలితం సున్న. ఒకనాడు తవుణ్ణి వెంట తీసుకువెళ్ళాను. "గిప్పుడు కుక్కతోని వైద్యమా మరిదీ?" అన్నది వదినె. తవుడు మంచం పట్టె మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు, ఆ తరువాత అన్న అరచెయ్యి నాకాడు. అన్న మొహం చిట్లించి స్పష్టంగా "ఛీ, పో!" అన్నాడు. మూడు నెలల తరువాత ఆయన నోట వచ్చిన మొదటి మాట అదే. వదినె ఏడ్చింది.

ఇందులో మహిమ ఏదీ లేదు. మాట పడిపోయినవారికి తిట్లు, అంకెల వరుస, చిన్ననాడు వల్లెవేసినవి తరచు మిగిలి ఉంటాయని వైద్యుడు వివరించాడు. కాని బంతి పట్టని చెయ్యి దువ్వెన పట్టింది. మొదట నా చేతి ఆసరాతో, తరువాత ఆసరా లేకుండా, తవుడి వీపు మీద మెడ నుంచి తోక దాకా. దువ్వడమంటే ఆయనకు వ్యాయామం కాదు, పశువుకు చేసే పని. పశువుల పని ఆయన ఏనాడూ వాయిదా వెయ్యలేదు.

ఇప్పుడు శనివారాలు సూర్యాపేటలో ఒక వృద్ధాశ్రమానికి వెళ్తాం. గంట మించనివ్వను. తవుడు మాటిమాటికీ ఆవులిస్తే, మూతి నాక్కుంటే అలసిపోయాడని గుర్తు. అక్కడ ఒక అవ్వకు కుక్కలంటే హడలు. ఆమె గది ముందు నుంచి పోము. ఇంకొక పెద్దాయన తవుడితో తన పొలం తగాదా అంతా చెప్పుకుంటాడు. తీర్పు ఇంకా రాలేదు.

గురువారాలు మాత్రం కోదాడకే. మొన్న అన్న దువ్వుతూ ఒక్కొక్క దువ్వుకూ ఎక్కం చెప్పడం మొదలుపెట్టాడు. పదమూడో ఎక్కం. మాట ముద్దగానే ఉంది గాని, అంకె తప్పలేదు. వదినె లోపల ఉంది. ఇన్నేళ్ళూ గొంతు దాటని ప్రశ్న అప్పుడు అడిగాను: "అన్నా, నీకు చదువుకోవాలని ఉండెనా?"

దువ్వెన ఆగలేదు. "పదమూడు ఎనిమిదులు నూట నాలుగు" అన్నాడు. ఏం చెయ్యాలో తోచక నేనూ గొంతు కలిపాను. పదమూడు తొమ్మిదులు దగ్గర నాకు అంకె తట్టలేదు. అన్న దువ్వెన ఆపి నా మొహంలోకి చూశాడు.

"నూట పదిహేడు" అన్నాడు.