నిజాం డకోటాలు

డెక్కన్ ఎయిర్‌వేస్ హైదరాబాద్ సంస్థానపు సొంత విమాన సంస్థ. 1945లో నిజాం ప్రభుత్వ రైల్వే, టాటాలు కలిసి పెట్టిన కంపెనీ. రైళ్లు నడిపే శాఖే రెక్కలకూ పెద్ద దిక్కైంది. మరుసటి ఏడాదే హైదరాబాద్‌లోని బేగంపేట నుంచి డకోటా విమానాలు ఎగిరాయి. అవి తోక నేలకు ఆనించి నిలబడేవి. ఎక్కినవారు వాలుగా ఉన్న నడవలో మెట్ట ఎక్కినట్టు నడిచి సీటు చేరాలి. మిగతా కంపెనీలు కాదన్న ప్రేమ్ మాథుర్‌కు కాక్‌పిట్‌లో చోటిచ్చింది ఈ సంస్థే. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ఆమె. ఆ ఒక్క పనికైనా డెక్కన్ పేరు తలుచుకోవాలి.

1948లో సంస్థానం పోయింది, విమానాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. రాజ్యం లేని రాజ్య విమానం ఎవరిది? 1953 ఆగస్టు 1న జాతీయీకరణతో ఎనిమిది కంపెనీలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిశాయి. అందులో డెక్కన్ ఒకటి. సొంత విమానాల ముచ్చట హైదరాబాద్‌ది మాత్రమే కాదు. ఆఫ్రికాలో ఘనా కూడా స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, 1958లో, తన విమాన సంస్థను పెట్టుకుంది. అప్పులు దాన్ని ముంచాయి. డెక్కన్‌ను ముంచింది అప్పు కాదు, చట్టం.

2008లో ప్రయాణికుల విమానాలు బేగంపేట వదిలి శంషాబాద్ విమానాశ్రయం చేరాయి. మొయినాబాద్ మండలం చిన్న మంగళారంలో విమానం చప్పుడుకు తలెత్తే పిల్లలకు, ఈ నేలకు ఒకప్పుడు సొంత విమాన సంస్థ ఉండేదని బడిలో చెప్పాలి.