‘కంటే’ నుంచి ‘కాళ్’ దాకా

సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గుంటూరు, నెల్లూరు, తిరుపతి దాటి, తమిళనాడు మీదుగా తిరువనంతపురం చేరొచ్చు. కూర్చున్నచోటే మూడు భాషల బేరాలు వినడానికి ఇంతకంటే మంచి బండి నాకు తెలియదు.

గుంటూరు దాటాక ఎదురు సీట్లో పిల్లవాడు ‘బిగ్, బిగ్గర్, బిగ్గెస్ట్’ అని వల్లె వేస్తున్నాడు. ‘‘అదే తెలుగులో చెప్పు నాన్నా’’ అంది వాళ్లమ్మమ్మ. వాడు కాసేపు ఆలోచించి, ‘‘పెద్ద, పెద్ద, పెద్ద’’ అన్నాడు. అందరూ నవ్వారు గానీ వాడన్నది నిజమే. దేనితో పోల్చినా మన ‘పెద్ద’ కదలదు, మెదలదు. దీనికంటే పెద్ద, అన్నిటికంటే పెద్ద, అంతే. రెండు జామకాయలు ముందుంచి ‘ఏది పెద్దది?’ అంటే ఆ ‘కంటే’ కూడా అక్కర్లేదు. ‘గురుతరం’లో ‘తర’ సంస్కృతంతో పాటు వచ్చింది. దాన్ని తెచ్చి పెద్దకు అతికిస్తే ‘పెద్దతరం’ అవుతుంది. అది మన తాతల సంగతి!

మర్నాడు కోయంబత్తూరులో పళ్లమ్మే ఆవిడ ‘ఇద విడ అదు పెరుసు’ అంటోంది. విడ అంటే విడవగా అని. పాలక్కాడ్‌లో నేంద్రం చిప్స్ పొట్లాల దగ్గరికొచ్చేసరికి అదే మాట ‘ఇదినెక్కాళ్’ అయింది. ఈ ‘కాళ్’ వెనక మలయాళం ‘కాణ్’, మన ‘కంటే’ వెనక తెలుగు ‘కను’ ఉన్నాయంటారు, రెండూ చూడటమే. దీన్ని చూస్తే అది పెద్దదని లెక్క. నాకిది నమ్మబుద్ధవుతుంది, ఎందుకంటే ‘అన్నను చూస్తే తమ్ముడే నయం’ అని ఇప్పటికీ అంటున్నాం. పక్క బెర్తు హైదరాబాదీ పెద్దాయన ఫోన్‌లో ‘ఇస్ సే బడా’ అంటున్నాడు. ఆ ‘సే’ ‘నుంచి’ కూడా అవుతుంది. దారులు వేరైనా ఎవరూ విశేషణం జోలికి పోలేదు.

ఎర్ణాకుళం దగ్గర సంచిలోని తెలుగు పత్రిక తీశాను. ‘దేశంలోని అతిపెద్ద నగరాల్లో ఒకటి’ అని రాశారు. అన్నిటికంటే పెద్దది ఒక్కటే కదా ఉండేది! ఇంగ్లిషు వాక్యానికి తెలుగు చొక్కా తొడిగితే ఇలాగే ఉంటుంది. వార్తలు రాసే మిత్రులారా, ‘చాలా పెద్ద ఊరు’ అనండి, మాకు అర్థమవుతుంది.