మా మామ్మగారు

మా కుటుంబము బరంపురమున స్థిరపడినది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా, మదరాసు రాజధానిలోని మా యూరు అందు చేరెను. మా మామ్మగారు అప్పటికి క్రొత్తకోడలు. పిన్నవయసుననే భర్తను గోల్పోయి, అప్పడములు ఒత్తి అమ్మి నలుగురు బిడ్డలను పెంచిరి. తులసికి దీపము పెట్టనిదే పిండి ముట్టెడివారు కారు.

మేము చదివిన బడిలో తెలుగు లేదు. ఇంటికి వచ్చి తెలుగు చెప్పు పంతులుగారికి మామ్మగారు జీతముగా అప్పడములు ఇచ్చెడివారు. ఆమెకు అక్షరములు రావు. పోతన భాగవత పద్యములెన్నియో విని కంఠస్థము చేసిరి. పగలెల్ల శ్రమించి, రాత్రి మాచేత చదివించుకొనుచు, తప్పినచోట దిద్దెడివారు.

91వ యేట ఆమె పరమపదించిరి. ఆ కార్తికమున గజేంద్రమోక్షము చదువుచు ఒక పద్యమున తడబడితిమి. దిద్దువారు లేకపోయిరి. ఇప్పుడు మా మనుమలచేత మేమే చదివించుచున్నాము.