ఎమ్మీ చీటీలు

అమెరికాలో టీవీ కార్యక్రమాలకి ఏటా ఎమ్మీ బహుమతులిస్తారు. వాటిలో కామెడీ విభాగంలో ఎవరెవరికి వస్తాయో ముందే చీటీ మీద రాసి పెట్టుకోవడం మా ఇంట్లో ఒక ఆట. రాజమండ్రిలో కూర్చుని లాస్ ఏంజిల్స్ వాళ్లు ఎవరికి బహుమతిస్తారో చెప్పడమేంటని మా అత్తగారు ఇప్పటికీ నవ్వుతారు. అలా నవ్విన ఆవిడే వేడుక నాడు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి "ఎవరికొచ్చిందే?" అని అడుగుతారు.

మొదలుపెట్టింది మా పెద్దది. న్యూజెర్సీలో ఎమ్మెస్ అయ్యాక ఉద్యోగంలో చేరింది. ఆదివారం ఆదివారం ఫోన్. ఏం తిన్నావు, చలిగా ఉందా, నాన్నకి షుగర్ ఎంతుంది, ఈ మూడూ అయితే ఇంక మాటలు వెతుక్కోవాలి. పిల్లలు దూరంగా ఉన్నవాళ్లకి ఈ వెతుకులాట తెలిసే ఉంటుంది. అప్పుడు వాట్సాప్‌లో ఒక చీటీ పంపింది. ఆరు గడులు: ఉత్తమ సీరీస్, నటుడు, నటి, సహాయనటుడు, సహాయనటి, రచన. గెలిచినవాళ్లు ఏది కోరితే అది మిగతావాళ్లు చెయ్యాలి.

2023 సెప్టెంబరులో జరగాల్సిన వేడుక, హాలీవుడ్ రచయితలూ నటులూ సమ్మె చెయ్యడంతో 2024 జనవరికి జరిగింది. అక్కడ 15వ తేదీ సాయంత్రం, మనకి 16 పొద్దున్న. అంటే సరిగ్గా కనుమ. ఒక పక్క గారెల పిండి రుబ్బుతూ, ఇంకో పక్క ఫోన్‌లో ఫలితాలు చూశాను. నా చీటీలో ఉత్తమ నటి గడిలో క్వింటా బ్రన్సన్ పేరు రాశాను. ఫిలడెల్ఫియాలో ఒక ప్రభుత్వ బడి, చాలీచాలని డబ్బులు, అయినా పిల్లల కోసం తంటాలు పడే టీచర్లు, ఇదీ 'అబాట్ ఎలిమెంటరీ' కథ. మా నాన్నగారు జిల్లా పరిషత్ స్కూల్లో తెలుగు మాస్టారు. ఇంక నేను వేరే పేరు ఎలా రాస్తాను? ఆవిడకే వచ్చింది.

గొప్పగా చెప్పుకోబోతే అమ్మాయి ఆపింది. "నీకు నచ్చిందని రాశావు, వచ్చింది. అది ఊహ కాదమ్మా. 'హాక్స్' జీన్ స్మార్ట్ ఈసారి పోటీలో లేదు. ఆ ఏడాది లెక్కలోకొచ్చే సీజనే వాళ్లకి లేదు. నీకు నచ్చేవాళ్లని కాదు, ఓటు వేసేవాళ్లకి నచ్చేవాళ్లని రాయాలి."

ఈ మాట నాకు తగిలింది. ఇరవయ్యేళ్లకి పైగా నేను చేస్తున్న పనే అది కదా! మా మావగారికి పప్పులో పులుపు తగ్గాలి, మావారికి పెరగాలి, చిన్నాడికి అసలు పప్పే వద్దు. వంకాయ తెచ్చిన రోజున ఎవరి మొహం ఎలా ఉంటుందో సంచి తెరవకముందే చెప్పగలను. నాకేం ఇష్టమో అడిగితే మాత్రం కాస్త ఆలోచించాలి. ఇలాంటిదాన్ని, ఒక అకాడమీ మనసు కనిపెట్టలేనా అనిపించింది.

అప్పట్నుంచి ఆ లెక్కలు నేర్చుకున్నాను. జూన్ 1 నుంచి మరుసటేడు మే 31 వరకు వచ్చినవే ఆ ఏటి పోటీకి వస్తాయి. జులైలో నామినేషన్లు, ఆగస్టు రెండో సగంలో ఓటింగ్, సెప్టెంబరులో వేడుక. ఓటు వేసేది టీవీ రంగంలో పని చేసేవాళ్లే. నటులు ఏడాది మొత్తంలోంచి ఒక్క ఎపిసోడ్ ఎంచి పంపుతారు, ఇదిగో ఇది చూసి నా సంగతి తేల్చండి అని. పెళ్లిచూపుల ఫొటోలాంటిది.

మా ఇంట్లో ఒక్కొక్కళ్లది ఒక్కో పద్ధతి. మా చిన్నాడు ఇంటర్‌నెట్‌లో పందాల శాతాలు చూసి ఎక్కువున్నదాన్ని దించేస్తాడు. మావారిది బ్యాంకు పద్ధతి, సీనియారిటీ. 2024 సెప్టెంబరు పోటీలో సహాయనటి గడిలో మెరిల్ స్ట్రీప్ పేరు కనబడగానే "ఆవిడ ఉండగా ఇంకెవరికిస్తారు?" అని కళ్లు మూసుకుని రాసేశారు.

ఆ ఏడు అందరి నోటా ఒకటే పేరు, 'ది బేర్'. 23 నామినేషన్లు, అప్పటిదాకా ఏ కామెడీకీ అన్ని రాలేదు. జనవరిలో ఎమ్మీ, గోల్డెన్ గ్లోబ్ రెండూ దానివే. చికాగోలో ఒక సాండ్‌విచ్ కొట్టు. అన్న ఆత్మహత్య చేసుకుంటే, పెద్ద పెద్ద హోటళ్లలో పనిచేసిన తమ్ముడు వచ్చి ఆ కొట్టు నడుపుతాడు. వంటింటి కథ కదా అని సరదాపడి మొదలుపెట్టాను. అరుపులు, కాలిన చేతులు, అప్పులు. రెండో సీజన్లో 'ఫిషెస్' అని ఒక ఎపిసోడ్ ఉంది. క్రిస్మస్ రోజు. ఇంటినిండా జనం. తల్లి ఒక్కతే చేపలు ఏడు రకాలుగా వండుతుంటుంది. పొయ్యి మీద ఏదో పొంగుతుంటుంది, టైమర్లు మోగుతుంటాయి, అందరూ ముందు గదిలో నవ్వుకుంటుంటారు. తన కోసం ఎవరూ ఏమీ చెయ్యరని ఆవిడ బాధ. జేమీ లీ కర్టిస్ వేసింది ఆ వేషం, దానికి అతిథి నటి బహుమతి కూడా వచ్చింది. నాకు నవ్వు రాలేదు. మధ్యలో ఆపేసి లేచి వెళ్లి మంచినీళ్లు తాగాను. మిగతాది మర్నాడు పగలు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు చూశాను.

మరి ఇది కామెడీ ఎలా అయింది? అరగంటవి కామెడీ, గంటవి డ్రామా అని చాలాకాలంగా అక్కడ ఒక లెక్క ఉండేది. 2015లో దాన్ని రూలుగా పెట్టారు, తర్వాత ఆ రూలు తీసేశారు. ఇప్పుడు ఏ విభాగంలో నిలబడాలో తీసినవాళ్లే చెప్పుకుంటారు. బీఏలో చదివిన అలంకారశాస్త్రం ఇన్నాళ్లకి పనికొచ్చింది నాకు. భరతుడి లెక్కలో హాస్యం పుట్టేది శృంగారంలోంచి, కరుణ పుట్టేది రౌద్రంలోంచి. 'ది బేర్' నిఖార్సుగా రెండో రకం. అయినా ఈ తగువు మనకి కొత్తా? 'కన్యాశుల్కం' చదివి మనం ఎంత నవ్వుతాం, శ్రీశ్రీ దాన్ని విషాదాంతమన్నాడు.

నేను ఉత్తమ సీరీస్ గడిలో 'హాక్స్' రాశాను. మా చిన్నాడు ఫోన్ తెచ్చి శాతాలు చూపించాడు. నా లెక్క నాది. సెప్టెంబరులో పోటీకి నిలబడింది 'ది బేర్' రెండో సీజన్, 2023 జూన్‌ది. కానీ ఓటు వేసేనాటికి మూడో సీజన్ కూడా వచ్చేసింది, అది ముందువాటంత బాగులేదని చాలామంది పెదవి విరిచారు. విందులో పాయసం మొదటిసారి వడ్డిస్తే ఆహా అంటారు, మారు వడ్డిస్తే తింటారు, మూడోసారి వస్తే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతారు. 'హాక్స్' మూడో సీజన్ అయితే మే నెలలో వచ్చింది, రుచి ఇంకా నాలిక మీదే ఉంది. పైగా కథ వాళ్ల సొంత వృత్తిది. లాస్ వేగాస్‌లో జోకులు చెప్పి బతికే డెబ్బై దాటిన డెబరా, ఆవిడకి జోకులు రాసిపెట్టే కుర్రపిల్ల ఏవా. ఇద్దరికీ పడదు, ఒకరు లేకుండా ఒకరికి గడవదు. అన్నిటికీ మించి అందులో నవ్వొస్తుంది. ఇది కామెడీయేనా అని ఏడాదిగా నలుగురూ నసుగుతుంటే, ఆ నసుగుడు ఎక్కడో ఒకచోట ఓటు రూపంలో బయటపడుతుందని నా ఊహ.

ఆగస్టులో అమ్మాయి కూడా 'హాక్స్' చూడటం మొదలుపెట్టింది. ఒక మంగళవారం రాత్రి తొమ్మిదింటికి మెసేజ్: "మూడు సీజన్లూ అయిపోయాయమ్మా, ఏం ముగింపు!" ఆదివారం మాట్లాడినప్పుడు ఇంకా మొదలే పెట్టలేదంది. మూడు సీజన్లకి 27 ఎపిసోడ్లు. ఒక్కోటీ అరగంట. మనకి రాత్రి తొమ్మిదంటే అక్కడ పొద్దున్న పదకొండున్నర, పనిలో తలెత్తే వీలుండదని తను చెప్పే వేళ. పాత మెసేజ్‌లు వెనక్కి జరిపి టైములు చూశాను. జులై నడిమి నుంచీ ఇంతే.

ఆ రాత్రి పడుకోలేదు. మావారితో చెప్పలేదు. అడిగితే "వర్క్ ఫ్రమ్ హోమ్ అమ్మా" అంటుందని తెలుసు. మర్నాడు నా చీటీ ఫొటో తీసి గ్రూపులో కాకుండా దానికొక్కదానికే పంపాను. ఆరు గడుల కింద ఏడో గడి గీశాను. అందులో రాశాను: 'మా పెద్దదాని ఉద్యోగం పోయింది.'

రెండు నిమిషాల్లో ఫోన్. కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

జులైలో ఒకేసారి చాలామందిని తీసేశారట. దాని వీసా పద్ధతిలో ఉద్యోగం లేకుండా 90 రోజులకి మించి ఉండటానికి లేదు. అప్పటికి 38 అయ్యాయి. "చదువుకి తెచ్చిన అప్పు ఇంకా ఉంది కదమ్మా. నాన్న ఏమంటారో, నువ్వేమంటావో, నానమ్మ ఎవరెవరికి చెప్తుందో అన్నీ ముందే అనేసుకున్నాను" అంది. సాయంత్రం మావారికి నేనే చెప్పాను. ఆయన ఫోన్ తీసుకుని, "అమ్మలూ, డబ్బులున్నాయా? అద్దె కట్టావా? 90 రోజులూ చూడు, లేకపోతే వచ్చెయ్. ఈ ఇల్లేమైనా అమ్మేశామా?" అన్నారు. అది అనుకున్న మాటల్లో ఇది లేదట. అత్తగారైతే ఎవరికీ చెప్పలేదు. ఇది మాత్రం నా ఊహకి కూడా అందనిది.

వేడుక సెప్టెంబరు 15 రాత్రి, మనకి సోమవారం పొద్దున్న ఐదున్నరకి. మావారికి బ్యాంకు సెలవు. అమ్మాయి వీడియో కాల్‌లో ఉంది. లెక్కకి 61వ రోజు. ఆ వారంలోనే ఒక ఇంటర్వ్యూ ఉంది, దాని ఊసు ఎవరం ఎత్తలేదు. సహాయనటుడు 'ది బేర్'. ఉత్తమ నటుడు 'ది బేర్'. సహాయనటి కూడా 'ది బేర్'లో వంటమనిషిగా వేసిన లిజా కొలోన్ జాయాస్, ఆ పేరు మా ఎవరి చీటీలోనూ లేదు. మెరిల్ స్ట్రీప్‌కి రానందుకు మావారు లేచి పేపర్ తెచ్చుకున్నారు. చిన్నాడు నా మొహం చూసి నవ్వుతున్నాడు. ఉత్తమ నటి జీన్ స్మార్ట్, అది అందరూ రాసిందే. రచన 'హాక్స్'కి వచ్చినప్పుడు మాత్రం అమ్మాయి తెర దగ్గరికి జరిగింది. "అమ్మా, రాసినవాళ్లకిచ్చారు చూడు" అంది. ఎనిమిదిన్నర దాటాక చివరి బహుమతి, ఉత్తమ కామెడీ సీరీస్. 'హాక్స్'. ఆ ఏడు మొత్తం 11 ఎమ్మీలు పట్టుకెళ్లిన 'ది బేర్'కి అదొక్కటి దక్కలేదు.

పిల్ల అక్కడ అర్ధరాత్రి గెంతింది. చాలా రోజులకి గొంతు విప్పి నవ్వడం విన్నాను. పందెంలో గెలిచినదాన్ని కాబట్టి కోరిక కోరాను: ఆదివారంతో పాటు బుధవారం కూడా ఫోన్. ఆ బుధవారాల్లో రెండోదాని నాడు ఉద్యోగం వచ్చిందని చెప్పింది. 70 రోజులు దాటాయి అప్పటికి.

2025 సెప్టెంబరు చీటీలో మా తగువు ఎక్కువ సాగలేదు. హాలీవుడ్ పెద్దలు తమ మీద తామే జోకులేసుకున్న 'ది స్టూడియో'ని హాలీవుడ్ వాళ్లు కాదంటారా? మొత్తం 13 ఎమ్మీలు వచ్చాయి దానికి, కామెడీల్లో అదే రికార్డు. అది నేనూ చిన్నాడూ ఇద్దరం రాశాం. సహాయనటుడి గడి దగ్గరే వింత జరిగింది. మావారు హారిసన్ ఫోర్డ్ పేరు రాశారు, కారణం మీకు తెలుసు. అమ్మాయి జెఫ్ హిల్లర్ అని రాసింది. ఎవరా అని వెతికాం. 'సమ్‌బడీ సమ్‌వేర్' అని, అక్క చనిపోయాక కాన్సాస్‌లోని సొంత ఊళ్లో ఉండిపోయిన ఒకామె కథ. ఆమె పక్కన నిలబడే స్నేహితుడి వేషం అతనిది. వస్తుందని ఎక్కడా ఎవరూ అనలేదు. వచ్చింది.

"నీకు నచ్చినవాళ్లని రాయకూడదన్నావు కదే?" అన్నాను.

"పని లేని రోజుల్లో చూశానమ్మా అది. ఆ ఒక్క గడీ నాకోసం రాసుకున్నాను" అంది.

మావారు మాత్రం ఇంకా సమాధానపడలేదు. 83 ఏళ్ల మనిషికి ఇవ్వకుండా ఎలా ఉంటారని ఆ వారమంతా అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పారు. వచ్చే ఏడు చీటీలో పేర్ల పక్కన పుట్టిన తేదీలు కూడా వెయ్యమంటున్నారు.