పరాయి చట్రం, సొంత ఉక్కు

ఉత్తరాన దల్మా కొండలు, చుట్టూ సువర్ణరేఖ, ఖర్కాయి నదులు, నడుమ ఉక్కు కొలుములు రగిలే జంషెడ్‌పూర్. 1919లో వైస్రాయి లార్డ్ చెమ్స్‌ఫర్డ్, జంషెడ్‌జీ టాటా స్మృత్యర్థం సాక్చి గ్రామానికి ఈ పేరు పెట్టాడు. కాళీమాటి రైల్వే స్టేషను టాటానగర్ అయింది. నేడు ఝార్ఖండ్‌లో ఉన్న ఆ స్టేషనులో దిగే ప్రయాణికులలో ఎందరికో తెలియని విశేషం ఒకటున్నది. ‘టాటానగర్’ ఒకప్పుడు ఒక యుద్ధశకటం పేరు కూడా!

పాశ్చాత్య దేశాలలో కొన్ని చిన్న సంస్థలు పాతకాలపు ఖరీదైన కార్లకు నకళ్లు తయారుచేస్తుంటాయి. అచ్చులో గాజుపీచు పరచి, రెజిన్‌తో తడిపి ఆరనిస్తే ఫైబర్‌గ్లాస్ పైతొడుగు సిద్ధమవుతుంది. దానిని ఫోక్స్‌వాగన్ బీటిల్ వంటి సామాన్యమైన కారు చట్రానికి బిగిస్తారు. రూపం తమది, యంత్రం పరాయిది. అది విలాసం కోసం పుట్టిన విద్య.

అటువంటి ఉపాయాన్నే అంతకు పూర్వం జంషెడ్‌పూర్ ఉక్కు ప్రాణరక్షణకు వినియోగించింది. రెండవ ప్రపంచ యుద్ధంలో భారత సైన్యానికి కవచ వాహనాల కొరత ఏర్పడింది. కెనడా నుండి ఓడలలో ఫోర్డ్ చట్రాలు వచ్చాయి. టాటా కర్మాగారం కవచపు రేకులను పోతపోసి సాగదీసి ఇచ్చింది. రైల్వే వర్క్‌షాపులలో ఆ రేకులను చట్రాలపై బిగించారు. 1940-44 మధ్య ఇటువంటి వాహనాలు 4,600కు పైగా తయారై ఉత్తర ఆఫ్రికా, ఇటలీ రణరంగాల వరకు వెళ్లాయి. ఉక్కు పుట్టిన ఊరి పేరే వాటికి వాడుక పేరయింది.

అయినా లోటు లోటే. కెనడా ఓడ రాకపోతే కవచం ఎంత గట్టిదైనా కదలదు.

ఆ లోటు తీర్చే ప్రయత్నం యుద్ధం ముగిసిన 1945లోనే మొదలైంది. ఆ యేడు స్థాపితమైన టాటా ఇంజనీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీ, అనగా టెల్కో, మొదట రైలింజన్ల నిర్మాణానికి పూనుకున్నది. 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో పదిహేనేళ్ల ఒప్పందం కుదిరింది. లారీ నమూనా జర్మనులది, దాని ముఖాన మెరిసే మూడు కోణాల నక్షత్రమూ వారిదే. ఆరంభంలో విడిభాగాలు సముద్రం దాటి వచ్చేవి. క్రమంగా వాటిని ఇక్కడే తయారుచేయసాగారు.

పులిని చూచి నక్క వాత పెట్టుకున్నదని మనవారు అనుకరణను ఎగతాళి చేస్తారు. నక్క వాతతోనే తృప్తిపడింది కాబట్టి నవ్వులపాలైంది. జంషెడ్‌పూర్ కార్మికుడు పైరూపంతో ఆగలేదు, ఇంజను లోపలికి తొంగిచూశాడు. 1969లో ఒప్పందం ముగిసింది. నక్షత్రం పోయి టాటాల ‘టి’ అక్షరం వచ్చింది. లారీ మాత్రం దారిలో ఆగలేదు. పదిహేనేళ్ల విద్యకు అంతకు మించిన పరీక్ష లేదు.

2003లో కంపెనీ పేరు టాటా మోటార్స్‌గా మారింది. అయినా నగరానికి తూర్పున ఆ కర్మాగారం చుట్టూ వెలసిన పేట ఇంకా టెల్కో కాలనీయే. ఉత్తరాంధ్ర నుండి బ్రతుకుతెరువుకై వచ్చి ఈ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల నోటా ఆ పాత పేరే వినిపిస్తుంది. అక్కడి నుండి ఇప్పటికీ లారీలు బయలుదేరుతూనే ఉన్నాయి. వాటి చట్రం కోసం ఎవరూ ఓడరేవు వైపు చూడనక్కరలేదు.